ఒంటి మేజోడు

సాల్మి సరస్సు, ఉత్తర మినిసోటా
2003 డిసెంబరు 6

కైసా,

సరస్సు గడ్డకట్టింది. నిన్న బరమాతో తొలిచి కొలిచాను: పది అంగుళాలు. పక్క గుడిసె ఆర్విల్ ట్వేట్ కొలిస్తే పదకొండు వచ్చింది. మూడో తరగతిలో నా దగ్గర చదివినప్పుడు కూడా స్కేలును సున్నా దగ్గర కాక ఒకటి దగ్గర పెట్టి కొలిచేవాడు. అరవై నిండాయి, స్కేలు మాత్రం అక్కడే ఉంది.

“ఎంతైతేనేం టీచరమ్మా, మనిద్దర్నీ మోస్తుంది” అన్నాడు.

“నిన్ను మోస్తే ఇక నన్ను అడగక్కర్లేదు” అన్నాను.

అందుచేత చేపల గుడిసెను, గడ్డకి తూటు పొడిచి లోపల కూర్చుని గాలం వేసే ఆ చెక్క గదిని, గడ్డకట్టిన సరస్సు మీదికి లాగించాను. మీ అమ్మ దాన్ని అమ్మేయమంటోంది. మీ తాత ప్రాణం పోయిన చోట నువ్వెలా కూర్చుంటావని దాని బాధ. నలభై ఆరేళ్ళు ఆయన పడుకున్న మంచం మీద నేనింకా పడుకుంటూనే ఉన్నాను, దాన్ని అమ్మమని ఎవరూ అనలేదు. డాక్టరు గుండె అన్నాడు. గుండె ఆగాలనుకుంటే దానికి గుడిసెలూ వంటిళ్ళూ ఒకటే.

అసలు సంగతి. నువ్వు డులూత్‌లో హార్డ్‌వేర్ కొట్టులో హీటర్లు అమ్ముతావు కాబట్టి అడుగుతున్నాను, మనవరాలివని కాదు. మీ తాత పొద్దుతిరుగుడు పువ్వు గుర్తుందిగా, ప్రొపేన్ సిలిండరు నెత్తిన బిగించిన గుండ్రటి పళ్ళెం? ఇప్పటికీ భేషుగ్గా మండుతుంది. కానీ దాని మీట బిగుసుకుపోయింది, పట్టకారు లేకుండా తెరుచుకోదు, మూసుకోదు. సిలిండరు చూస్తే నాకంటే బరువు. చేత్తో పట్టుకుపోగలిగినది, చప్పుడు చేయనిది, సలహాలివ్వనిది ఒకటి చూసి పంపు.

మిగతా ఏర్పాట్లన్నీ అయ్యాయి. కింద నుంచి గాలి దూరకుండా గుడిసె చుట్టూ మంచు ఎగదోసి, నీళ్ళు చల్లి, అరుగులా కట్ట కట్టాను. ఆర్విల్ గుడిసె కింద వంగి చూస్తే ఇవతలి నుంచి అవతలి సూర్యాస్తమయం కనిపిస్తుంది. వాడి పూర్వీకులైన నార్వే వాళ్ళకి గాలంటే ఇష్టం కాబోలు. మన ఫిన్లాండ్ వాళ్ళ ఇంట పుట్టిన ఆడది కట్ట వేసిందంటే గాలి కూడా తలుపు తట్టే రావాలి.

టెలిఫోన్ చేయకు. అందులో నా చెవికి మనుషుల మాటకి బదులు నీటి బుడగలు వినిపిస్తాయి. ఉత్తరం రాయి. తప్పులు దిద్ది వెనక్కి పంపను, ఒట్టు.

నీ అమ్మమ్మ,
లెంపి హార్యు


డులూత్
డిసెంబరు 12

అమ్మమ్మా,

నువ్వు దిద్దనని ఒట్టు వేసినా, ఈ మొదటి వాక్యం మూడుసార్లు కొట్టేసి రాశాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక ఎర్రడబ్బా వస్తుంది. కోడిపెట్టంత బరువు. పాలసీసా అంత సిలిండరు పక్కన బిగించుకోవాలి. ఒరిగితే ఆరిపోతుంది. గుడిసెలో గాలి చెడినా దానికదే ఆరిపోతుంది. లోపల ఒక చిన్న మంట కాపలా కాస్తుంటుంది. ఊపిరి చాలనప్పుడు ముందు అది చస్తుంది, వెంటనే గ్యాస్ ఆగిపోతుంది. తాత పొద్దుతిరుగుడు పువ్వుకి అంత తెలివి లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఉన్నా పోయినా మండుతూనే ఉంటుంది.

కొట్టుకు వచ్చే ప్రతివాడికీ చెప్పేది నీకూ చెబుతున్నాను. గుడిసెకి పిడికిలంత కన్నాలు రెండు ఉండాలి, కింద ఒకటి, పైన ఒకటి. మంట మనం పీల్చే గాలినే తింటుంది. అది చాలనప్పుడు వదిలే విషానికి రంగుండదు, వాసనుండదు. తల నొస్తుంది, కాఫీ రుచి మారుతుంది, లేనివి వినిపిస్తాయి, ఆ తర్వాత నిద్ర. గుడిసెకి కన్నాలున్నాయా? నాకు గుర్తులేదు.

క్రిస్మస్‌కి రాలేను. చలి పెరిగితే మాకు బేరాలు పెరుగుతాయి. నీ యాలకుల రొట్టెలో నా వాటా ఆర్విల్‌కి పెట్టకు.

నీ కైసా


సాల్మి సరస్సు
డిసెంబరు 29

కైసా,

రొట్టె ఆర్విల్ తిన్నాడు. నేను పెట్టలేదు, వాడే వెతుక్కున్నాడు.

నీ ఎర్రడబ్బా వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పనికి మాత్రం వెన్నెముక లేదు. వెలిగించిన నలభై నిమిషాలకల్లా టప్‌మని ఆరిపోతుంది. మళ్ళీ వెలిగిస్తే ఇరవై. ఆ తర్వాత పది. బళ్ళో ఇలాంటి పిల్లలు ఉండేవారు, మొదటి లెక్క ఉత్సాహంగా చేసి రెండోదానికి కడుపునొప్పి అనేవారు.

కన్నాల గురించి అడిగావు. రెండు ఉన్నాయి. మీ తాతే కోశాడు, కింద ఒకటి, వాయవ్యపు గోడకి పైన ఒకటి.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. డబ్బా ఆరగానే గుడిసెలో నిశ్శబ్దం పడుతుంది కదా, అప్పుడు బయట మంచు మీద అడుగులు వినిపిస్తాయి. కరకర, కరకర, నింపాదిగా గుడిసె చుట్టూ ఒక ప్రదక్షిణం. వాయవ్యపు గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. అక్కడే నిలబడి ఏదో చూస్తున్నట్టు. గడ్డ బిగుసుకునేటప్పుడు మూలుగుతుందనీ పగులుతుందనీ నాకు తెలియనిది కాదు, డెబ్బై ఆరేళ్ళుగా వింటున్నాను. గడ్డకి ఎడమకాలు ఈడ్చే అలవాటు లేదు. మీ తాతకి ఉండేది.

తలుపు తీసి చూశాను. నా జాడలు తప్ప ఏమీ లేవు.

ముప్పై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. దయ్యాలకు ఏనాడూ హాజరుపట్టీలో చోటివ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను. కాస్త తలనొప్పిగా ఉంటోంది, కొత్త కళ్ళజోడు వల్ల అయ్యుంటుంది. దీనికంటే ధైర్యం ఉన్న హీటరు ఉంటే చెప్పు.

నీ అమ్మమ్మ


డులూత్
జనవరి 3

అమ్మమ్మా,

రెండు కన్నాలూ ఉంటే డబ్బా ఆరకూడదు. అంటే డబ్బాలోనే ఏదో లోపం. దాన్ని పక్కన పెట్టెయ్. ఇంకొకటి నేనే వెలిగించి, గంటసేపు చూసి పంపుతాను, వారం పట్టొచ్చు. తలనొప్పి మాట నాకు నచ్చలేదు. కానీ కన్నాలున్నాయన్నావు కాబట్టి కళ్ళజోడనే అనుకుంటాను.

అడుగుల గురించి ఏం రాయాలో తెలియలేదు. నాక్కూడా తాత మాట కొట్టులో ఒక్కోసారి వినిపిస్తుంది, మేకులు కొనేవాళ్ళ మధ్యలోంచి. బెంగ వల్ల అనుకుంటాను.

నీ కైసా


సాల్మి సరస్సు
జనవరి 7

కైసా,

డబ్బాని పక్కన పెట్టమన్నావు, పెట్టేశాను. నీ రెండోది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేను కదా. ఆర్విల్‌తో సిలిండరు మోయించి పొద్దుతిరుగుడు పువ్వు వెలిగించాను. పట్టకారుతో మీట తిప్పి, దాన్ని తిరిగి తలుపు బయట మేకుకే తగిలించాను, మీ తాత నేర్పినట్టే. ఎంత హాయిగా మండిందో. ఆరలేదు. గంట, రెండు గంటలు.

మీ తాత వచ్చాడు.

తలుపు చప్పుడు కాలేదు. గాలం వైపు చూసి తలెత్తేసరికి ఎదురుగా, ఎప్పుడూ పీటలా వాడే తన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. భుజాల మీద మంచు ఉంది. పువ్వు సరిగ్గా ఆయన వైపే తిరిగి ఉన్నా ఆ మంచు కరగలేదు. నా నోట్లోంచి ఆవిరి వస్తోంది, ఆయన నోట్లోంచి రాలేదు. ఒక కాలికి బూటు ఉంది. రెండో కాలు వట్టిది, తిన్నగా గడ్డ మీద ఆనించి ఉంది.

“లెంపీ, నా మేజోడేది?” అన్నాడు.

బతికున్నప్పుడూ ఇదే ప్రశ్న, రోజూ. మేజోడేది, కళ్ళజోడేది, నిన్నటి పేపరేది. చచ్చినా ఇది మారకపోతే ఇక చావు దేనికి అనిపించింది. “వెతుక్కో” అన్నాను, ఎప్పటిలాగే. అనగానే ఆయన తల తిప్పి వాయవ్యపు గోడ వైపు చూశాడు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే అడిగాడు. ఇంటికి వచ్చేటప్పుడు కాళ్ళు తేలిపోయి గడ్డ మీద రెండుసార్లు కూలబడ్డాను. ఫర్వాలేదు. ఎర్రడబ్బా ఉంటే ఆయన బయటే తిరిగి వెళ్ళిపోతాడు. పువ్వు ఉంటే లోపలికి వస్తాడు. ఏ హీటరు మంచిదని నిన్ను అడిగాను గుర్తుందా? నీ రెండో డబ్బా పంపక్కర్లేదు. ఎంచుకోవడం అయిపోయింది.

నీ అమ్మమ్మ


డులూత్
జనవరి 10

అమ్మమ్మా,

ఇది అర్జెంటు టపాలో వేస్తున్నాను. దయచేసి నిలబడే చదువు.

నీ డిసెంబరు ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. కన్నాలు ఉన్నాయని రాశావు. తెరిచి ఉన్నాయని రాయలేదు. వాక్యంలో ఏది చెప్పలేదో చూడమని నాకు నేర్పింది నువ్వే, నేనే చూసుకోలేదు. డబ్బాకి ఏ లోపమూ లేదు. నీకు ఊపిరాడటం లేదని ప్రతిసారీ ఆరిపోయి మరీ చెప్పింది. నేను దాన్ని తీసేయమన్నాను. ఆ ఉత్తరం నేనే రాశాను.

నువ్వు చూస్తున్నది తాతని కాదు, విషాన్ని. ఇంకోసారి ఆ పువ్వు వెలిగిస్తే అక్కడే నిద్రపోతావు, లేవవు. పోయినేడు ఫిబ్రవరిలో తాతకి వారమంతా తలనొప్పి అని నువ్వే రాశావు. నేను హీటర్లు అమ్మే మనిషినై ఉండీ ఒక్క మాట అడగలేదు.

ఆర్విల్‌కి ఫోన్ చేశాను. నిన్ను గుడిసెలోకి వెళ్ళనివ్వద్దన్నాను. “అమ్మాయ్, ఆవిణ్ణి ఆపమనేకంటే రైలుకు అడ్డంగా పడుకోమను, చేస్తాను” అన్నాడు. కానీ ఏదో ఒకటి చేస్తానని మాటిచ్చాడు.

వచ్చే శనివారం బయల్దేరి వస్తున్నాను. అప్పటిదాకా వెళ్ళకు. అమ్మమ్మా, ఏ మేజోడు?

కైసా


సాల్మి సరస్సు
జనవరి 14

కైసా,

నీ ఉత్తరం సోమవారం అందింది. నిలబడే చదివాను, తర్వాత కూర్చుని చదివాను. నువ్వు రాసిందంతా నిజమని తెలుసు. తెలిసే మంగళవారం పొద్దున వెళ్ళాను. నువ్వు వచ్చి ఆ పువ్వుని పట్టుకుపోకముందే ఆయనకి ఒక మాట చెప్పాల్సి ఉంది. లోపలికి వస్తేనే కదా చెప్పగలను.

నువ్వు అడిగిన మేజోడు సంగతి. పోయినేడు ఫిబ్రవరి పదకొండున వాయవ్యపు గాలి కోసేస్తోంది. మీ తాతకి దగ్గు. మధ్యాహ్నం కాఫీ, మార్చుకోవడానికి ఒక జత ఊలు మేజోళ్ళు తీసుకుని గుడిసెకి వెళ్ళాను. గాలాల మీద ధ్యాసలో ఆయన తలెత్తలేదు. మేజోళ్ళు చేతిలోనే పెట్టుకుని బయటికొచ్చి చూస్తే పై కన్నంలోంచి గాలి ఈలవేస్తూ ఆయన మెడ మీదికే పోతోంది. జతలో ఒకటి బయటి నుంచే కన్నంలో కుక్కాను. మంచు మెత్తి, చుట్టూ కట్టని ఇంకాస్త ఎత్తు చేసి, కింది కన్నం కప్పేశాను. రెండో మేజోడు పొరపాటున నా జేబులోనే ఇంటికి వచ్చేసింది. ఈలోగా ఆయన లోపల వెచ్చగా ఉన్నాడనుకుని సంతోషించాను. నాలుగింటికి ఆర్విల్ చూసి వచ్చి చెప్పాడు.

డాక్టరు గుండె అనగానే నేను తల ఊపాను. విద్యార్థి తప్పు జవాబు చెబితే తల ఊపిన రోజు నా ఉద్యోగంలో ఒక్కటీ లేదు. ఆ మేజోడు ఏడాదంతా అక్కడే ఉంది. ఈసారి కట్ట వేస్తున్నప్పుడు చూశాను, మంచులో బిగిసి రాయై పోయింది. దాన్ని లాగాలంటే అక్కడ పెట్టిందెవరో నాకు నేను చెప్పుకోవాలి. అందుకని లాగలేదు.

మంగళవారం పువ్వు వెలిగించాను. పట్టకారు బయట మేకుకి తగిలించాను. తలుపుకి లోపల కొక్కెం పెట్టాను. ఆయన వచ్చేసరికి నాకు అప్పటికే తల బరువెక్కింది.

“లెంపీ, నా మేజోడేది?”

“కన్నంలో ఉంది. నేనే పెట్టాను” అన్నాను. “నీకు దగ్గు తగ్గాలని పెట్టాను, ఉర్హో.”

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లల వైపు నేను చూడాల్సినట్టు చూశాడు, నేనెప్పుడూ అలా చూడలేదు. తర్వాత ఆ వట్టికాలితోనే లేచి, పువ్వు దగ్గరికి వెళ్ళి, మీట మీద చెయ్యి వేశాడు. “ఇక చాల్లే, లెంపీ. ఇంటికెళ్ళు” అన్నాడు. ఆ తర్వాత నాకు తెలియదు.

చలికి మెలకువ వచ్చింది. పువ్వు నల్లగా ఉంది. నా ముందు గడ్డ మీద పిడికిలంత గుండ్రంగా వెలుతురు పడి ఉంది. తలెత్తితే వాయవ్యపు గోడ కన్నంలోంచి ఆకాశం కనిపించింది. ఆర్విల్ తలుపు బాదుతున్నాడు.

“టీచరమ్మా, తియ్యకపోతే పగలగొడతాను. తర్వాత మూల నిలబెట్టినా సరే.”

కొక్కెం తీశాను. నన్ను బయటికి లాగి మంచు మీద కూర్చోబెట్టాడు.

“కన్నంలోది నువ్వు లాగావా?” అని అడిగాను.

“ఏ కన్నం? నేనిప్పుడే వచ్చాను.”

“పువ్వెవరు ఆర్పారు?”

“మీరే ఆర్పి ఉంటారు.”

“పట్టకారు లేకుండానా? మేకుకి ఉంది, చూడు.”

ఆర్విల్ మేకు వైపు చూడలేదు. జేబులోంచి పట్టకారు తీసి చూపించాడు. “పొద్దున్నే నేను పట్టుకుపోయానండీ. మీరు వెలిగించకుండా. మీ మనవరాలు ఫోన్లో ఏడ్చింది.”

“నేను అప్పటికే వెలిగించాను, మొద్దబ్బాయ్. తలుపు తట్టి చూడాలని తోచలేదా?”

“పిలవకుండా మీ గదిలోకి వస్తే ఏమవుతుందో నాకు మూడో తరగతిలోనే తెలిసిందండీ. తర్వాత మనసాగక వచ్చాను.”

గాలి చాలక మంట తానే ఆరిందని నువ్వంటావు. సరే, ఆరింది. మంట ఆరితే మీట దానికదే మూసుకోదు కదా, అది మూసి ఉంది. ఆర్విల్ దాన్ని వట్టి చేత్తో కదపలేకపోయాడు. పట్టకారు వేసి, రెండు చేతులతో తిప్పితే అప్పుడు బుస్సుమంది. సిలిండరు సగం నిండుగానే ఉంది. కన్నం చుట్టూ మంచు ఉలితో చెక్కినట్టు శుభ్రంగా ఉంది. గుడిసె చుట్టూ మోకాళ్ళ మీద పాకి వెతికాం. మేజోడు లేదు.

శనివారం రా. రొట్టె దాచి ఉంచుతాను.

నీ అమ్మమ్మ


డులూత్
జనవరి 20

అమ్మమ్మా,

నీ దగ్గర ఉన్న రెండు రోజులూ నోటితో అడగలేకపోయాను, అందుకే రాస్తున్నాను. మేజోడుని ముంగిసలాంటి జంతువేదో గూడు కోసం పట్టుకుపోయి ఉంటుంది. మీట నువ్వే మూసి ఉంటావు, ప్రాణం మీదికి వస్తే మనిషికి ఎక్కడ లేని బలం వస్తుందంటారు. నేను అలాగే నమ్మాలనుకుంటున్నాను. నువ్వు కూడా నమ్ముతావా?

తాత సంగతిలో నీ తప్పు ఉంటే నాదీ అంతే ఉంది. నువ్వు పెట్టిన కట్ట, నేను అడగని ప్రశ్న. సగం సగం పంచుకుందాం.

కింది కన్నం దగ్గర మంచు తీసేశాను. మళ్ళీ ఎగదోయకు.

నీ కైసా


సాల్మి సరస్సు
ఫిబ్రవరి 12

కైసా,

నీ జంతువు సిద్ధాంతానికి పాస్ మార్కులు వేశాను. అంతకంటే వేయలేను, కారణం చదువు.

ఎర్రడబ్బానే వెలిగిస్తున్నాను. రెండు కన్నాలూ తెరిచే ఉన్నాయి. రోజంతా మండుతుంది, ఒక్కసారీ ఆరలేదు. దానికి వెన్నెముక లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తలనొప్పి లేదు. కాఫీ కాఫీలాగే ఉంది. ఆర్విల్ గుడిసెలోకంటే నా గుడిసెలోనే ఇప్పుడు గాలెక్కువ. నార్వే దాకా కబురు పంపుతానంటున్నాడు.

నిన్నటికి ఏడాది. సొరుగులోంచి ఆ ఒంటి మేజోడు తీసుకెళ్ళి మీ తాత బకెట్టు మీద పెట్టాను. సాయంత్రం దాకా ఎదురుగా కూర్చున్నాను. పెద్ద వాలై చేప ఒకటి పడింది. ఇంకేమీ జరగలేదు. డబ్బా ఆర్పి, మేజోడు అక్కడే వదిలి, తలుపుకి బయట తాళం వేసి, తాళంచెవి నా మెడలో వేసుకుని ఇంటికొచ్చాను.

ఈ పొద్దున తాళం నేనే తీశాను. బకెట్టు ఖాళీగా ఉంది.

“ఏ జంతువో పట్టుకుపోయింది” అన్నాడు ఆర్విల్, నువ్వు నేర్పినట్టున్నావు.

“తాళం తిరిగి వేసి వెళ్ళిందా?” అన్నాను. వాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇప్పుడు ఆయనకి జత పూర్తయినట్టుంది. బయట అడుగుల చప్పుడు లేదు, గాలి మంచిది, మంట నిలకడగా ఉంది. ఎవరూ రావడం లేదు. ఈ నాలుగూ మంచికే అని రాయబోయాను. మూడే రాస్తున్నాను.

ఆ పాలసీసా సిలిండర్లు ఇంకో నాలుగు పంపు.

నీ అమ్మమ్మ,
లెంపి